బొట్టు పెట్టిన తూటాలు

ఈతమెట్ట తూటాల కొట్టు, తనిఖీ చిట్టా. రాసేవాడు గవర్రాజు.

ఆశ్వయుజ శుద్ధ దశమి

పండగైనా తూటాలు చూడక తప్పదు. సూరీడమ్మగారు నీళ్ళ మధ్య ఉన్న ఈ మెట్టకి పెద్ద అయినప్పటి నుంచీ ఒకటే మాట: రోజూ చూడు, చూసింది రోజూ రాయి. అందుకని రెండు కంద గారెలు నోట్లో కుక్కుకుని, చేతులు బూడిదతో తోముకుని, పొయ్యి దగ్గర ఆరబెట్టుకుని కూర్చున్నాను.

మధ్యాహ్నం పూటే ఈ పని చెయ్యాలి. పగలూ రాత్రీ మమ్మల్ని కమ్ముకుని ఉండే మంచు తెర కాస్త తెల్లబడి గుమ్మం దగ్గర వెలుగు కనిపించేది ఆ కాసేపే. తూటాలని వేయించిన బియ్యపు జాడీలోంచి తీసి చేటలో పోస్తాను. ఇక్కడి తేమకి ఇత్తడి కూడా పచ్చబడుతుంది, అందుకే ఆ బియ్యం. ముందు కంటితో చూస్తాను. డొప్ప మీద పగులు, నొక్కు, చిలుము ఉండకూడదు. తరవాత బొటనవేలితో అడుగు తడుముతాను. అడుగున గుండ్రంగా టోపీ ఉంటుంది. పిస్తోలు సూది కొట్టేది దాన్నే. అది పైకి లేచి వేలికి తగిలితే ఆ తూటా అవతలికే. ముందుండే సీసపు ముక్కు డొప్పలోకి దిగబడినా అవతలికే, అది పేలిస్తే పిస్తోలే పగలొచ్చు. ఆఖరికి పిస్తోలు గొట్టం విప్పి, నిలబెట్టి, అందులో వేస్తాను. టక్కుమని కూర్చోవాలి. బోర్లిస్తే తనంతట తను జారి రావాలి.

మా రత్నం దీనికి నన్ను ఎంత ఏడిపించేదో. నూకరత్నం నా భార్య, ఈ మెట్ట పడవ నడిపే సరంగు. "ఆ తూటాలని సూసినట్టు నన్ను ఒక్కసారన్నా సూసేవా మావా?" అని నా ముందు నిలబడి నడుం మీద చెయ్యేసుకునేది. ఎదురుగా ఉన్న మనిషిని ప్రత్యేకంగా చూడడం ఏంటని విసుక్కునేవాణ్ణి. వినాయక చవితి వెళ్ళాక ఆమె ఎండగట్టుకి బయల్దేరింది. తెర అయిపోయి ఎండ మొదలయ్యే చోటు అది. అక్కణ్ణించి ఉప్పు, విత్తనాలు, కొత్త తూటాలు తేవాలి. ఈ పాటికి వచ్చేయాలి. నా చూపంతా నీళ్ళ మీదే ఉంది, నీళ్ళేమో కనిపించవు.

వచ్చే పడవ తెరలోంచి ఒక తూటా పేలుస్తుంది. మెట్ట మీద ఉన్నారా అని అడగడం అది. మేం ఒకటి పేలుస్తాం. ఆ మోత వైపు పడవ తిప్పుకుని మళ్ళీ అడుగుతుంది, మళ్ళీ పలుకుతాం. ఇక్కడ పిస్తోలుకి వేరే పని లేదు. రేడియోలో హోరు తప్ప ఏమీ రాదు. దీపం పది అడుగులు దాటదు. డప్పు మోతని తెర మింగేస్తుంది.

ఏటా దసరాకి రత్నం తూటాల పెట్టె మూత మీద బొట్టు పెట్టేది. ఈసారి ఆమె లేదు, నాకు మనసు ఊరుకోలేదు. పాడ్యమి నాడే మంచి తూటాలన్నీ తీసి, పళ్ళెంలో బియ్యం పోసి, ముక్కులు కిందికి ఉండేలా గుచ్చాను. ఒక్కోదాని అడుగున, ఆ గుండ్రటి చోట, నువ్వులనూనె చుక్క వేసి దాని మీద కుంకుమ పెట్టాను. నూనె లేకపోతే ఈ తేమలో బొట్టు నిలవదు. నవరాత్రులూ రోజూ కొత్త నూనె, కొత్త బొట్టు. ప్రతి దానికీ పెడుతూ, నువ్వు పేలు, నా రత్నాన్ని తీసుకురా అనుకున్నాను. ఈ వయసులో ఇలాంటివి రాయడం సిగ్గే. రాస్తున్నాను.

పూజలో ఉన్నవి కదపకూడదని మధ్యలో చూడలేదు. ఈ రోజు తుడిచి అన్నీ చూశాను. కంటికీ వేలికీ ఏ లోపమూ దొరకలేదు. చిలుము పట్టినవీ, నొక్కులు పడినవీ ఎప్పట్లాగే పాత బిస్కెట్ల డబ్బాలో పక్కన పడి ఉన్నాయి. వాటికి పూజ చెయ్యలేదు. పనికిరానివాటికి బొట్టెందుకు?

బహుళ పాడ్యమి, పొద్దున్నే

నిన్న రాయలేకపోయాను.

నిన్న పున్నమట. పంతులుగారు చెప్తే అనుకోవడమే. పొద్దు వాలుతుండగా తూర్పు వైపు నుంచి మోత వినిపించింది. ఒక్కటే, స్పష్టంగా. మెట్టంతా కేకలు. రత్నం తమ్ముడు అబ్బులు అప్పటికే పిస్తోలు పట్టుకుని రేవు బండ ఎక్కేశాడు. పేల్చే పని వాడిది, ఏరే పని నాది.

"అక్కే బావా! సెప్పేనా, ఇయ్యాళ వత్తాదని!"

వాడు తెరలోకి గురిపెట్టి నొక్కాడు. టిక్. అంతే.

ఒక్కోసారి ఆలస్యంగా పేలుతుంది. అందుకని గొట్టం నీళ్ళవైపే ఉంచి ఆగమన్నాను. ఆగాం. పేలలేదు. తీసి ఇంకోటి వేశాడు. టిక్. మళ్ళీ ఆగాం. మూడోది టిక్, నాలుగోది టిక్. అవతల రత్నం రెండోసారి అడిగింది. ఈసారి మోత కాస్త దక్షిణానికి జరిగింది. దక్షిణాన ఏటి మొగ ఉంది, మొగ దాటితే సముద్రం.

"ఏం తూటాలు బావా ఇయి!" అన్నాడు అబ్బులు.

ఐదోది నొక్కితే తుస్సుమంది. చిన్న పొగ వచ్చింది, మోత రాలేదు. వాడు ఒక్క ఉదుటున ఆరోది ఎక్కించబోయాడు. నేను వాడి మణికట్టు పట్టేసుకున్నాను.

"ఆగరా. ముక్కు గొట్టంలోనే ఇరుక్కుంది."

"వదులు బావా! అక్క ఎల్లిపోతంది!"

"పేల్చావంటే పిస్తోలు పగిలి చెయ్యి పోతుంది. వదలను."

వాడు నన్ను తోశాడు. పిస్తోలు లాక్కునే బండ మీద పడ్డాను. పళ్ళేలు కొట్టారు, డప్పు కొట్టారు, పిల్లా పెద్దా గొంతులు చించుకుని రత్నాన్ని పిలిచారు. నేను గొట్టం విప్పి, ఇత్తడి చువ్వ పెట్టి, రాయితో చిన్నగా కొడుతూ ఆ సీసపు ముక్కని బయటికి తోస్తున్నాను. అది బయటపడే లోపు మూడో మోత వినిపించింది. బాగా దూరంగా, మొగ వైపు నుంచి. ఆ తరవాత ఏమీ వినిపించలేదు.

సీసపు ముక్క అబ్బులు అరచేతిలో పెట్టాను. వాడు దాన్ని నీళ్ళలోకి విసిరేశాడు.

"నా సెయ్యి పోతే పోయేది. అక్క వచ్చేది" అన్నాడు. బండ దిగి వెళ్ళిపోయాడు.

బహుళ విదియ

టిక్కుమన్న తూటా ఒకటి తెచ్చి పటకారుతో ముక్కు ఊడబీకాను. లోపల మందు పొడిగా, గలగలలాడుతూ ఉండాలి. పై మందు బాగానే జారింది. అడుగు మందు ముద్దకట్టి ఉంది. గోటితో గీకి వాసన చూశాను.

నువ్వులనూనె.

ఇంకోటి ఊడబీకాను. అదీ అంతే. టోపీ అంచున సన్నటి ఎర్ర గీత, కుంకుమ నూనెతో కలిసి లోపలికి దిగిన జాడ. నీళ్ళకి భయపడి బియ్యంలో దాచినవాణ్ణి, నా చేతులతో నేనే తొమ్మిది రోజులు నూనె పోశాను. తనిఖీలో ఇవి దొరకవు. పైకి ఎంతో చక్కగా, పెళ్ళికూతుళ్ళలా ఉన్నాయి.

సూరీడమ్మగారి దగ్గరికెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ కుంపటిలో బొగ్గులు ఎగదోశారు.

"మంచియి ఎన్ని మిగిల్నాయి గవర్రాజూ?"

"ఒక్కటీ లేదండి. అన్నిటికీ బొట్టు పెట్టేశానండి."

"కొత్తవి వచ్చేది రత్నం పడవలోనే కదా."

"ఆయ్, అవునండి."

"అయితే ఆ పిల్ల రాకపోతే ఇంక మన మెట్టకి గొంతు లేనట్టే." తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "ఏరి పారేసినయి డబ్బాలో ఉన్నాయన్నావుగా. మళ్ళీ ఏరు. పనికొచ్చేది ఉంటే పొద్దుగూకేటప్పుడు రోజుకొకటి పేల్చండి. రత్నం వింటే వింటది."

ఛీ, నా మొహం. భార్య రావాలని బొట్టు పెట్టి, భార్యనే సముద్రంలోకి పంపినవాడు ఈ లోకంలో నేనొక్కణ్ణే అయి ఉంటాను.

బహుళ తదియ

ఈ రోజు అట్లతద్ది. మొగుడు చల్లగా ఉండాలని ఆడవాళ్ళు చేసుకునే నోము. రత్నం పొద్దున్నుంచీ పచ్చి మంచినీళ్ళు ముట్టకుండా ఉండి, అట్లు పోసి పంచేది. నేను మాత్రం పక్కనే కూర్చుని మొదటి వాయి లాగించేసేవాణ్ణి.

ఈసారి అట్లు నేను పోశాను. పక్కింటివాళ్ళు గుమ్మాల్లోంచి చూసి నవ్వుకున్నారు. నవ్వుకోనీ. మొదటివి పెనానికి అతుక్కుని ముక్కలైపోయాయి. పొద్దున్నుంచీ ఏమీ తినలేదు నేను. రాత్రి చంద్రుణ్ణి చూసి తినాలంటారు. ఇక్కడ చంద్రుడు కనిపించడు కాబట్టి రత్నం ఏటా నా మొహం చూసి తినేది. "ఉన్న సంద్రుడు ఇదే, ఏం సేత్తాం" అనేది. నాకు చూసుకోవడానికి ఆ మొహం కూడా లేదు.

సాయంత్రం అబ్బులు వచ్చాడు. గుమ్మంలో నిలబడ్డాడు. పళ్ళెం జరిపాను. కూర్చుని ఒక అట్టు తిన్నాడు.

"ఉప్పు లేదు బావా."

"ఉప్పు మీ అక్క తేవాలిగా."

వాడి మొహం అటు తిరిగిపోయింది. చెయ్యి కడుక్కొచ్చి "డబ్బా ఇటు తే, నేనూ సూత్తాను" అన్నాడు. ఇద్దరం పొయ్యి వెలుగులో కూర్చుని, నేను ఇన్నేళ్ళుగా వద్దన్నవాటినన్నిటినీ చేటలో పోశాం.

బహుళ దశమి

డబ్బాలో చాలావాటిని చూడక్కర్లేకుండానే పారేశాం. డొప్ప చీలినవి, టోపీ లేచినవి. కొన్ని మాత్రం నా పట్టింపు వల్ల అందులో పడ్డాయి. కాస్త మచ్చ, కాస్త గీత. వాటిని పొడి గుడ్డతో తుడిచాను. ఇత్తడి తోమే చింతపండు ముట్టనివ్వలేదు, నూనె సంగతి చెప్పనే అక్కర్లేదు. గొట్టంలో టక్కుమని కూర్చుని జారి వచ్చినవాటినే ఒప్పుకున్నాను. పూజకి నోచుకోని ఆ వికారపు తూటాలే ఇప్పుడు మా మెట్టకి గొంతు.

రోజూ పొద్దుగూకే వేళ ఒకటి పేలుస్తున్నాం. చక్కగా పేలుతున్నాయి. పేలిన ప్రతిసారీ మెట్టంతా ఊపిరి బిగబట్టి వింటుంది. నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ వినపడదు. చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని నేనే ఆఖర్న బండ దిగుతాను.

డబ్బాలో ఇంకా రెండే మిగిలాయి. ఒకటి నల్ల మచ్చ తూటా. ఏటా తీసి చూసి, ఏటా ఈసడించుకుని డబ్బాలో వేసేవాణ్ణి. రెండోది ముక్కు దిగబడింది. అబ్బులు దాన్ని గుప్పిట్లో పెట్టుకున్నాడు.

"ఇదీ పేలుద్ది బావా. మోత ఇంకా పెద్దది వత్తాది."

"ఇవ్వరా ఇటు."

"ఆ మోతకి అక్క ఇంటే?"

ఆ మాటకి నేను కదిలిపోలేదంటే అబద్ధం. పేలుతుందేమో, ఏమీ కాదేమో, రత్నం వింటుందేమో. చెయ్యి చాచి అలాగే నిలబడ్డాను.

"మీ అక్క దిగి, నా తమ్ముడి చెయ్యేది అంటే నేనేం చెప్పాలిరా?" అన్నాను. "ఉన్న ఒక్క పిస్తోలూ పగిలితే రేపు ఇంకొకరి పడవకి ఏం చెప్పాలి? నేను బాగాలేదన్నది ఇంతవరకూ నీ చేతికి ఇవ్వలేదు. రత్నం కోసం కూడా ఇవ్వను."

వాడు నా కళ్ళలోకి చూసి, గుప్పిట విప్పి, దాన్ని నా చేతిలో పెట్టాడు. బండ అంచుకి వెళ్ళి నీళ్ళలో వేశాను. తరవాత ఇంటికొచ్చి, దుప్పటి కప్పుకుని, పెద్దవాణ్ణన్న సిగ్గు కూడా లేకుండా ఏడ్చాను.

అమావాస్య

దశమి నుంచీ ఏమీ పేల్చలేదు. ఉన్న ఒక్క నల్ల మచ్చ తూటాని దాచుకుందాం అన్నారు కొందరు. వేరే పడవ ఏదైనా వచ్చి అడిగితే పలకడానికి ఉంటుందని. సూరీడమ్మగారు అందరి మాటా విన్నారు. "ఇయ్యాళ దీపావళి. మెట్టకి ఒక్క టపాకాయన్నా ఉండాలి. పేల్చండి" అన్నారు. టపాకాయ కోసం కాదని ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు.

మధ్యాహ్నం వెలుగులో దాన్ని చూశాను. కన్ను, వేలు, గొట్టం. మళ్ళీ కన్ను, వేలు, గొట్టం. రత్నం ఎదురుగా నడుం మీద చెయ్యేసుకుని నిలబడ్డట్టే అనిపించింది. తలెత్తలేదు. ఎత్తితే ఉండదుగా.

పొద్దు వాలింది. రేవు బండ మీద మెట్టంతా చేరింది. ప్రమిదలు వెలిగించిన ఆడపిల్లలు అలాగే వచ్చేశారు. అబ్బులు తూటా అందుకుని కళ్ళకద్దుకున్నాడు. నూనె చేత్తో ముట్టుకున్నావా అని కసిరాను. లేదు బావా అన్నాడు. నొక్కాడు.

పేలింది. నీళ్ళ మీద దొర్లుకుంటూ పోయింది ఆ మోత. పోయి పోయి అణిగిపోయింది.

ఎవరూ కదల్లేదు. ఒక ప్రమిద కొండెక్కితే పక్కపిల్ల తన దీపంతో వెలిగించింది. ఇంక దిగుదాం పదండని సూరీడమ్మగారు కర్ర తీసుకున్నారు.

అప్పుడు వినిపించింది. దక్షిణం నుంచి, సన్నగా. తూటా మోతే.

అబ్బులు పిస్తోలు ఎత్తాడు, ఖాళీ. పలకడానికి మా దగ్గర ఏమీ లేదు. "పళ్ళేలు!" అని అరిచాను. ఉన్నవన్నీ తెచ్చారు, బిందెలు, మూకుళ్ళు, పలుగులు. ఈసారి ఆమె మరీ దూరంలో లేదు, మొగ ఇవతలే ఉంది. మా మోత ఆమెకి అందాలని ఒళ్ళు తెలియకుండా కొట్టాను. నా చేతిలో ఉన్నది పూజ పళ్ళెమే, అది సొట్టలు పోయింది. ఎంతసేపు కొట్టామో తెలియదు. తెరలోంచి ముందు తెడ్ల చప్పుడు, తరవాత ఒక గొంతు వచ్చాయి.

"ఆపండ్రా బాబూ! సెవులు పోతన్నాయి!"

కార్తీక శుద్ధ పాడ్యమి

రత్నం బాగా చిక్కిపోయింది. జుట్టంతా ఉప్పు. రాత్రి అంబలి తాగి పడుకుని ఇప్పుడే లేచింది. నేను మంచం పక్కనే ఉన్నాను.

"ఆ రోజు ఎందుకు పలకలేదు మావా?" అంది. "మూడుసార్లడిగేను. మెట్ట కూలిపోయిందనుకున్నాను. అందరూ పోయారు, నేనొక్కదాన్నే మిగిలేను అనుకున్నాను."

బొట్ల సంగతి చెప్పాను. దాచకుండా, నూనెతో సహా. మొదట అర్థం కాలేదు. అయ్యాక నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేసింది. "మూత మీద పెట్టేదాన్ని మావా, మూత మీద!" అంటూ నా వీపు మీద రెండు చరిచింది.

మొగ దగ్గర మునిగిపోయిన ఊరి నీళ్ళ ట్యాంకు నెత్తి మీద పడవ కట్టేసుకుని ఉందట ఇన్నాళ్ళూ. ఎండుచేపలు తిని బతికింది. మేం పేల్చిన తూటాలు అంత దూరం వినపడలేదు. నిన్న తెగించి, ఎటైతే అటని, తాడు విప్పింది. ఇవతలికి కొట్టుకొస్తుంటే మా మోత వినిపించిందట.

"కొత్త తూటాల పెట్టె ఉందిగా, దారంతా పేలుస్తూ రావాల్సింది" అన్నాను.

"ఆ రాత్రే మొగ దగ్గర పెట్టె ఉప్పు నీళ్ళలో మునిగింది. నడుముకి కట్టుకున్నది ఒక్కటే పొడిగా మిగిలింది."

"ఒక్కటున్నా ముందే పేల్చొచ్చుగా!"

తల అడ్డంగా ఊపింది. "పేల్చేక నువ్వు పలక్కపోతే? అప్పుడింక నా దగ్గర ఏం ఉంటది? అది ఉన్నంతసేపూ నువ్వు ఉన్నావనుకోవచ్చు. అందుకే దాసుకున్నాను. రోజూ మజ్జానం తీసి సూసేదాన్ని."

"చూశావా? ఏం చూసేదానివి? టోపీ చూశావా, ముక్కు చూశావా?"

"నాకేం తెలుసు మావా ఏం సూడాలో?" అంది. నా చెయ్యి తీసుకుని, వేళ్ళు ఒక్కొక్కటీ విప్పింది. "నీ ఏళ్ళు దాని సుట్టూ ఎలా తిరిగేయో గుర్తు సేసుకునేదాన్ని. అలా తిప్పేదాన్ని. పొద్దు పోయేది."

ఆమె మొహం వైపు చూశాను. నుదుటి మీద పాత మచ్చ, ఎడమ కనుబొమ్మలో తెల్లబడిన వెంట్రుకలు, పెదవి చివర పగులు. ఎండగట్టు ఎండకి బుగ్గలు నల్లబడ్డాయి. మొదట్నుంచీ మళ్ళీ చూశాను.

"ఏంటలా సూత్తన్నావు?" అంది.

గుమ్మం దగ్గర వెలుగు తెల్లబడింది. తడిసిన పెట్టెలోని తూటాలు చేటలో ఆరుతున్నాయి. తూటాలు చూశావా అని సూరీడమ్మగారు రెండుసార్లు కబురు పంపారు.

ఈ రోజు తూటాలు చూడలేదు. రేపు చూస్తాను.